బన్ను భయం

"తలుపు వెయ్యకండి," అంది నర్సు.

ఆమె భర్త చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కారు బేకరీ వెనక సందులో గోడవారగా ఆగి ఉంది. ఇంజను ఆపే ఉంది. వెనక సీట్లో ఒక బుట్ట, బుట్టలో పాత తువ్వాలు, తువ్వాల్లో రెండు చేతుల్లో పట్టేంత కుక్కపిల్ల. పక్కన, ఒక కాలు కారులోపల, ఒక కాలు నేలమీద పెట్టుకుని ఆమె కూర్చుంది.

"వెయ్యనులే. ఇవాళ్టికి ఊరికే కూర్చుంటే చాలు," అన్నాడతను.

కుక్కపిల్లని ముందు చూసింది ఆమే. డ్యూటీ దిగి బేకరీలో రొట్టె కొంటుంటే అది వచ్చి ఆమె చెప్పు పట్టుకుని వదల్లేదు. బేకరీ ఆవిడ దాన్ని బన్ను అని పిలిచేది. మంచి ఇల్లు దొరికితే ఇచ్చేస్తానంది. తీసుకుంటామని నర్సు అక్కడికక్కడే మాటిచ్చి ఇంటికొచ్చి భర్తకు చెప్పింది.

చిక్కు తర్వాత వచ్చింది. తీసుకురావడానికి వెళ్ళిన భర్త ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. సందు చివరికి రాకముందే కొంప మునిగినట్టు ఏడ్చిందనీ, సీటంతా కక్కిందనీ, దానికి కారంటే చచ్చేంత భయమనీ చెప్పాడు. పక్కన ఒకరు కూర్చుని బుట్టలో చెయ్యి పెట్టి మెల్లమెల్లగా అలవాటు చెయ్యాలట. బస్సులో కుక్కల్ని ఎక్కనివ్వరు. ఆటో చప్పుడుకి ఇంకా హడలిపోతుందట. నడిచి తెద్దామంటే దారి పొడుగునా లారీలు.

"నేనెక్కను కదా," అంది నర్సు.

అతనికి తెలుసు. వాన పడుతున్న ఒక సాయంత్రం వంతెన మీద కారు జారి రెయిలింగును గుద్దుకుంది. ఆ రోజు నడిపింది అతనే. ప్రాణాలకేం కాలేదు. ఆమె భుజం ఎముక విరిగింది, అతుక్కుంది. పాత కారు అమ్మేసి వేరేది కొన్నారు. దాన్ని ఆమె బయటినుంచి చూడటమే తప్ప లోపల కాలు పెట్టలేదు. ఆసుపత్రికి బస్సు, పెళ్ళిళ్ళకు బస్సు. చెల్లెలు పురుడు పోసుకున్నప్పుడు కూడా రెండు బస్సులు మారి వెళ్ళింది. భర్త కొన్నాళ్ళు బతిమాలాడు, కొన్నాళ్ళు విసుక్కున్నాడు, తర్వాత అడగడం మానేశాడు.

ఇప్పుడూ అడగలేదు. అయితే వద్దని చెప్పేస్తాననీ, ఎవరో ఇంకొకరు కూడా అడుగుతున్నారటనీ మామూలుగా అని, చొక్కా ఇస్త్రీ చేసుకోవడంలో పడ్డాడు. ఆమె రెండు రోజులు ఆ ఊసెత్తలేదు. మూడోనాడు తనే కదిపింది. ఆగి ఉన్న కారులో కూర్చుంటే సరిపోతుందా అని.

అలా వచ్చి కూర్చుంది. అరచెయ్యి కుక్కపిల్ల వీపు మీద వేసింది.

"ఎలా వణికిపోతోందో చూడండి," అంది.

అతను వెనక్కి తిరిగి బుట్ట వంక కాసేపు చూశాడు. "అవును, పాపం," అన్నాడు.

మర్నాడు తలుపు వేసి అద్దం దించారు. ఆ పైన ఇంజను స్టార్టు చేశారు. ఆ పైన సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. సూది గుచ్చేముందు రోగులతో మాట్లాడే గొంతుతోనే ఆమె బన్నుతో మాట్లాడింది. ఏం కాదనీ, అటు చూడమనీ, ఇదిగో అయిపోయిందనీ. భర్తకు మాత్రం అన్నీ ఆజ్ఞలే. బుట్ట పిడిలోంచి బెల్టు దూర్చి పెట్టాలి. బయల్దేరేముందు దానికేమీ తినిపించకూడదు. హారన్ కొట్టకూడదు. బ్రేకు మెత్తగా వెయ్యాలి. అతను అన్నిటికీ సరేనన్నాడు.

ఒకరోజు మలుపులో స్కూటరొకటి అడ్డం వచ్చింది. అతను గట్టిగా బ్రేకు వేశాడు. ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి బన్ను ఆమె బొటనవేలు నాకుతోంది.

"భయపడిందా?" అడిగాడతను, ముందుకే చూస్తూ.

ఆమె ఊపిరి కూడదీసుకుంది. "కొంచెం. పదండి, ఇక్కడే ఆపేస్తే దానికి ఆ భయం అలాగే ఉండిపోతుంది."

చివరికి ఇంటికి తీసుకెళ్ళే రోజు వచ్చింది. ఇంటికి వెళ్ళాలంటే ఆ వంతెనే దాటాలి. ఈ దారిన ఆమె రోజూ బస్సులో వెళ్తుంది, కానీ ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చోదు. వంతెన ఇంకా కొంచెం దూరం ఉందనగా అతను కారు పక్కకి తీసి ఆపాడు. ఆమె బుట్టలోకి చూసింది. బన్ను వెల్లకిలా పడి నిద్రపోతోంది.

"పడుకుంది. లేవకముందే దాటేద్దాం," అంది.

కారు నత్తలా కదిలింది. వెనకనుంచి హారన్లు మోగాయి. సగం దూరం వచ్చాక ఆమె తలెత్తి కిటికీలోంచి కిందున్న నీళ్ళని చూసింది. వంతెన దాటేదాకా చూస్తూనే ఉంది.

ఇంటి ముందు ఇంజను ఆపి, అతను స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి కూర్చుండిపోయాడు. అలసిపోయాడనుకుని ఆమె బుట్ట తనే ఎత్తుకుని లోపలికి నడిచింది.

బన్ను ఇల్లంతా వాసన చూసి, నీళ్ళు తాగి, సోఫా కింద చేరాక ఆమె బేకరీకి ఫోన్ చేసింది.

"అక్కా, మొత్తానికి భయం పోగొట్టేశాం. వంతెన మీద కూడా హాయిగా నిద్రపోయింది."

"భయమా? ఎవరికి?"

"బన్నుకే. కారంటే హడలు కదా."

అవతల ట్రేలు సర్దుతున్న చప్పుడు ఆగింది.

"అదేంటమ్మా? మీ గేటు కింద సందుందట, అది మూయించేదాకా కుక్కపిల్లని ఇక్కడే ఉంచమన్నారు మీ ఆయన. రోజూ వచ్చి కారులో కూర్చోబెట్టుకుంటుంటే ముద్దు చేసుకుంటున్నారనుకున్నా." బేకరీ ఆవిడ నవ్వింది. "అది పుట్టిందే మా కారు వెనక సీట్లో."