సునీల తారీఖు

"సునీల తారీఖు ఎప్పుడమ్మా?"

కిటికీ అవతల ఆ గొంతు వినగానే మానసకు చిర్రెత్తుకొచ్చింది.

మళ్లీ అతనే. పోచారం వైపు తండా నుంచి వచ్చే కిషన్‌లాల్. ఈసారీ వెంట బిడ్డ లేదు.

ఎల్లారెడ్డిలో ఒక సేవా సంస్థ తల్లీబిడ్డల కోసం నడిపే చిన్న దవాఖాన అది. మానస అక్కడ కంప్యూటర్ ఆపరేటర్. కామారెడ్డిలో నేర్చుకున్న ఎమ్మెస్ ఆక్సెస్ సాఫ్ట్‌వేర్‌తో పిల్లల టీకాల ప్రోగ్రాం తనే తయారు చేసింది. ఒక పట్టికలో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు. ఇంకో పట్టికలో ఏ టీకా ఏ వయసుకు వేయాలో ఆ లెక్క. రెండూ కలిపి మీట నొక్కితే చాలు, ఏ బిడ్డకు ఏ రోజు సూది పడాలో తెర మీదికి వస్తుంది. రోజు దాటినా సూది పడకపోతే ఆ పేరు ఎర్రగా మారుతుంది.

కిషన్‌లాల్ బిడ్డ సునీల పేరు ఎప్పటినుంచో ఎర్రగానే ఉంది.

కిషన్‌లాల్ మొదటిసారి వచ్చినప్పుడు మానస నెమ్మదిగానే చెప్పింది.

"మొదటి సూదే వేయించలే గదన్నా. తీస్కరా, ఇప్పుడైనా వేస్తరు."

"రెండోది ఏ తారీఖుకు పడుతది?"

"మొదటిది పడకుండ రెండోదేంది?"

"గట్లనే చెప్పమ్మా. దాని పుట్టిన దినం నుంచి లెక్క జేస్తె ఎప్పుడొస్తది?"

చెప్పింది. ఆ తేదీని లోలోపలే వల్లె వేసుకుంటూ వెళ్లిపోయాడు. బిడ్డను మాత్రం తేలేదు.

మూడో సూదికీ అంతే.

ఆ తండా తల్లులు అలా కాదు. వాళ్ల పిల్లలంతా ఇంట్లోనే పుట్టారు. పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఏ తేదీనీ చూపించదు. అయినా సమయానికి వచ్చి కూర్చునేవాళ్లు. సకల జనుల సమ్మెలో బస్సులు బందైనప్పుడు కూడా ఆటో మాట్లాడుకుని వచ్చారు. నర్సు సుభద్రమ్మ పిల్లల వయసు అడిగి తెలుసుకుని సూది వేసేది.

వీళ్లకున్న బాధ్యత ఆ కిషన్‌లాల్‌కు ఎందుకు లేదో అనుకునేది మానస.

ఇప్పుడు తట్టు టీకా వంతు వచ్చింది.

"బిడ్డేది?" అంది తల ఎత్తకుండానే.

"తేలేదమ్మా."

"ఎందుకు తేలే?"



"తారీఖు చెప్పమ్మా, పోత."

"తీస్కపోయి ఏం జేస్తవ్? గోడకు రాసుకుంటవా? ఒక్క సూది గూడ వేయించలే. అసలు నువ్వు తండ్రివేనా?"

వరండాలో ఉన్న వేరే ఊళ్ల తల్లులంతా అతని వైపు తిరిగారు.

అతను కిటికీ చట్రం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"బిడ్డను ఎత్తుకొని రా. అప్పుడే చెప్త" అని కిటికీ మూసేసింది.

కాసేపు అద్దం మీద అతని నీడ నిలబడే ఉంది. తర్వాత లేదు.

ఇలాంటివాళ్లకు గట్టిగా చెబితేనే తలకెక్కుతుందనుకుంది మానస.

ఎండలు ముదిరాయి. తట్టు టీకాకు తండా నుంచి ఒక్క తల్లీ రాలేదు.

"సుభద్రక్కా, తండావాండ్లకు ఈసారి చెప్పలేదా?"

"నేనెప్పుడు చెప్పిన? నువ్వే చెప్పి పంపుతున్నవనుకున్న."



మర్నాడు పొద్దున్నే టీకాల డబ్బా పట్టుకుని ఆటో ఎక్కారు.

తండాలో మొదటి ఇంటికే వేపమండలు వేలాడుతున్నాయి. లోపల, టీకాలకు తప్పకుండా వచ్చే తల్లుల్లో ఒకరైన దుర్గి కొడుకు ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లతో, జ్వరంతో మూలుగుతున్నాడు.

సుభద్రమ్మ పట్టి చూసింది.

"తట్టు పోసింది. పానానికి భయం లేదు గని, దవాఖానకు తీస్కపోదం."

ఆమె మిగతా పిల్లలకు సూదులు వేయడానికి బయటికి వెళ్లింది. మానస దుర్గి పక్కన కూర్చుంది.

"ఇన్నొద్దులు టైముకు వచ్చిండ్రు. ఈసారి ఎందుకు రాలే అక్కా?"

"తారీఖు తెల్వదమ్మా."

"ఇంతకుముందు ఎట్ల తెలిసింది?"

"కిషన్‌లాల్ అన్న చెప్తుండె. మా పిల్లలు పుట్టిన తారీఖులు మాకేం ఎర్క? వాండ్ల సునీల ఒక్కతే మీ దవాఖాన్ల పుట్టింది. నా కొడుకు దాని ఎన్క వారానికి పుట్టిండు. భూమక్క బిడ్డ ఇంకో వారానికి. సునీల తారీఖు ఒక్కటి తెలిస్తె అందరం లెక్క జేసుకుంటుంటిమి. ఈపాలి నువ్వు చెప్పలేదంట గద. ఊకెనే వచ్చిండు."



"ఆయనేడి? నేను మాట్లాడాలె."

"పట్నం పాయిండ్రు పెండ్లాం మొగడు, ఇండ్లు కట్టే పనికి. ఇగ రామని తాళమేసిండ్రు."

"సునీలను గూడ తీస్కపోయిండ్రా? దానికి ఒక్క సూది పడలే. అందరి పిల్లల కోసం అంత తిరిగెటాయన, తన బిడ్డను ఒక్కసారన్న ఎందుకు తేలే?"

దుర్గి ఆమె వైపు వింతగా చూసింది. కొడుకు నుదుటి మీద తడిగుడ్డ తిప్పి వేసింది.

"పొల్ల పోయిందని చెప్తె పేరు కొట్టేస్తరు, ఇగ మా పిల్లలకు తారీఖు రాదని నీకు చెప్పలేదమ్మా... వాండ్లు మొదటి సూది తారీఖు మర్శిపోయిండ్రు, అది పడక కోరింత దగ్గొచ్చింది, ఆయన మొదటిసారి నీ కాడికి వచ్చిననాటికే సునీల లేదు."