ఖాళీ గడి

"ఆ ఇంజెక్షన్ అక్కకి పడదు! అడగకుండా ఎలా ఇచ్చేశారు?" తమ్ముడు నర్సు మీదికి ఒంటికాలిపై లేచాడు. ఐసీయూ అద్దం వెనక అక్కకి యంత్రం ఊపిరి అందిస్తోంది.

నర్సు కంప్యూటర్ తెరను ఇటు తిప్పింది. "పడని మందులు: లేవు" అని పచ్చటి అక్షరాలు.

"అడక్కపోతే ఆ గడి ఖాళీగా ఉండాలి కదండీ. లేవని ఉంటే, అడిగే రాశారనుకున్నాను."

తమ్ముడు ఆ పచ్చటి అక్షరాలని గుర్తుపట్టాడు. ఆస్పత్రుల కోసం ఆ ఫారం తయారుచేసింది తనే. ఖాళీ గళ్ళు బోసిగా ఉన్నాయని పైఅధికారి విసుక్కుంటే, ఏమీ నింపని చోటల్లా 'లేవు' అని కనబడేలా చేసిందీ తనే.

"నువ్వూ కంప్యూటర్ల వాడివేగా, ఇది చేసిందెవడో కనుక్కో," పక్కనే ఉన్న బావ అతని చెయ్యి పట్టుకున్నాడు. "వాడికి తోడబుట్టినవాళ్ళు లేరు కాబోలు."