ఆరు సెకన్లు

తెర మీద వెంకటేశ్వరమ్మ వేరుశనగకాయ చిట్లించింది. చప్పుడు ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

ఓబుళేశు వీడియో ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. కాయ చిట్లిన ఆరు సెకన్లకు చప్పుడు.

"ఇది నేను చేసిందేనా?"

"నువ్వే ఇచ్చినావన్నా, రెండేండ్ల కింద," అంది శివలీల. తెర మీద ఉన్నది ఆమె తల్లి.

పెన్‌డ్రైవ్ పెట్టి తెచ్చిన కవరు మీద అతని స్టూడియో పేరే ఉంది.

శివలీలకు చిన్నప్పటి జ్వరంతో వినికిడి సగం పోయింది. చెవిలో మిషన్ పెట్టుకున్నా వినపడేది కొంతే. మిగతాది ఎదుటివాళ్ల పెదాల మీద చూసుకోవాలి. రెండూ కలిస్తేనే ఆమెకు మాట. ఫోన్లో మాట్లాడడం కుదరదు.

అందుకే ఆలూరులో ఉన్న తల్లి వీడియో తీయించి పంపింది. శివలీల చర్చిలో ఏసుకుమార్‌ను పెళ్లి చేసుకుని కల్లూరుకు వచ్చేసిన నాలుగేళ్లకు, తల్లి నుంచి వచ్చిన మొదటి మాట అది.

నలభై నిమిషాల మాట. ఫోన్లో ఉన్నదాన్ని టీవీలో ఆడేటట్టు మార్చమని మేనమామ గోపన్న తెచ్చాడు.

"అంతా వినొద్దప్పా, ఇంటి మాటలు. మార్చి నువ్వే ఆ పాపకు అందియ్యి. నేను వాళ్ల గడప తొక్కను."

ఓబుళేశు అంతా వినలేదు. మొదటి రెండు నిమిషాలు చూశాడు. మాటా పెదవీ కలిసే ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఫోన్ నుంచి తీసుకున్న ఫైలు చెరిపేశాడు.

"మొదట బాగానే అర్థమయింది," అంది శివలీల. "మా ఆయన్ను తిట్టింది. నన్ను తిట్టింది. సగం నుంచి నోరు ఒగటి చెప్తాంది, చెవికి ఇంగొగటి వస్తాంది. తిట్లే కదా అనుకొని ఆపేసినా."

"మీ ఆయనకు వినిపించకపోయినావా?"

"ఆయన్ను తిట్టింది ఆయనకే యాడ వినిపిద్దునన్నా?"

తల్లికి గొంతు ఆపరేషనయి మాట పోయిందని ఆర్నెల్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. నన్ను పిలవలేదు కదా అనుకుని ఊరుకుంది.

పోయిన నెల వెంకటేశ్వరమ్మ చనిపోయింది. పెద్దదినం కర్మకు శివలీల వెళ్తే, గోపన్న అందరి ముందూ అన్నాడు.

"అంతగా పిలిచినా రాకపోతివే."

శివలీల పెన్‌డ్రైవ్ వైపు చూసింది.

"మా యమ్మ నన్ను ఎప్పుడు పిలిచిందన్నా? అది ఇందులో ఉండాదా?"

ఓబుళేశు కంప్యూటర్ ముందుకు జరిగాడు.

మాట మొదటినుంచీ ఒకే ఎడంతో వెనకబడి ఉంటే, ముందుకు జరిపితే సరిపోయేది. ఇది అట్లా లేదు. రెండో నిమిషంలో తేడా లేదు. ఇరవయ్యో నిమిషానికి ఒక సెకను. ముప్పైకి మూడు. చివరికి ఆరు.

వెంకటేశ్వరమ్మ సాయంత్రం పూట వాకిట్లో కూర్చుని, చేటలో కాయలు ఒలుచుకుంటూ మాట్లాడింది. పొద్దు వాలేకొద్దీ ఫోన్ కెమెరా సెకనుకు తీసే బొమ్మల్ని తగ్గించుకుంటూ పోయింది. ఓబుళేశు వాడిన సాఫ్ట్‌వేర్ మాత్రం అన్నిటినీ ఒకే వేగంతో పరిగెత్తించింది. బొమ్మ ముందుకు వెళ్లిపోయింది. గొంతు వెనకబడింది.

అతనికి తెలియని సంగతి కాదు. పెళ్లి వీడియోలైతే చివరి నిమిషం కూడా చూశాకే ఇచ్చేవాడు.

కాయ చిట్లిన ప్రతిచోటా గుర్తు పెట్టాడు. గుర్తు దగ్గరల్లా తెగ్గోసి, ఒక్కో ముక్కనూ గొంతుకు సరిపోయేదాకా నెమ్మది చేశాడు. రెండు గంటలు పట్టింది. శివలీల కుర్చీలోంచి లేవలేదు.

పాత వీడియోలో బొమ్మ ముందే అయిపోయింది. చివర్లో నల్లటి తెర మీద గొంతొక్కటే ఉంది.

ఇప్పుడు అక్కడికి మనిషి వచ్చింది.

వెంకటేశ్వరమ్మ చేట పక్కన పెట్టి నేరుగా చూసింది.

"అనాల్సిందంతా అనేసినా. ఇంగ కోపం లేదు. గొంతులో పుండు ముదిరిందంట. గురువారం కర్నూల్లో ఆపరేషను. ఆ తర్వాత మాట రాదంట. నీ మొగున్ని గూడా తోడుకోని బుధవారం వొచ్చి పోమ్మా. ఎదురుగా కూర్చోబెట్టుకోని ఒగసారి నిన్ను పేరు పెట్టి పిల్చుకుంటా."

శివలీల తెరకు దగ్గరగా జరిగింది. మళ్లీ వేయమని చేత్తో చూపించింది. మూడుసార్లు వేశాడు.

"ఇది నాకు ఏ దినం ఇచ్చినావన్నా?"

ఓబుళేశు పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైలు మీద తేదీ చూశాడు.

"సోమవారం. పొద్దున పదకొండుకు."

"ఆ పొద్దే చూసినా," అంది.

చెవిలోంచి మిషన్ తీసి చీర కొంగుతో తుడుస్తూ కూర్చుంది. వంచిన తల ఎత్తలేదు.

"చివర ఒక్క నిమిషం చూసుంటే తెలిసిపోతాండెనమ్మా," అన్నాడు ఓబుళేశు. "మాటలు వినే పని గూడా లేదు. బుడ్డకాయ చిట్లేది చూసినా చాలు. నేను చూడలేదు."

ఆమెకు వినపడలేదు.

చాలాసేపటికి మిషన్ పెట్టుకుని తలెత్తింది. "ఏమన్నా అంటివా అన్నా?"

ఓబుళేశు ట్యూబ్‌లైటు కిందికి వచ్చి, ఆమెకు ఎదురుగా నిలబడి, మొదటినుంచి చెప్పాడు.