కుండీ కింది పళ్ళెం

మా తమ్ముడంటే నాకు కడుపుమంట. ఇద్దరం పక్కపక్కనే మొక్కలు అమ్ముతాం, బేరాలన్నీ వాడికే. వాడి కూతురు మూడు కిలోలతో పుట్టింది. మా ఆవిడకు డెంగీ జ్వరమొచ్చి, నెలలు నిండకుండానే పుట్టిన నా కూతురు ఆసుపత్రి గాజుపెట్టెలో ఉంది.

"నీ పెళ్ళాన్ని మాత్రం ఒక్క దోమా కుట్టలేదేం రా?" పాపను చూడ్డానికొచ్చిన తమ్ముణ్ణి అడిగాను.

"కుండీల కింది పళ్ళేల్లో నీళ్ళు వారం వారం పారబోశానన్నయ్యా. డెంగీ దోమ నిలవున్న మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. నీకూ చెప్పాగా! 'నా మొక్కలు పచ్చగా ఉంటే నీకెందుకురా ఏడుపు' అన్నావు."

అన్నాను. ఆ రోజే, వాడు చూస్తుండగా, పళ్ళేలన్నీ అంచులదాకా నింపాను.

నర్సు వచ్చి పాప బరువు చెప్పింది. కిలో నాలుగొందలు.

మనసులోనే మూడు కిలోల్లోంచి తీసేశాను. నా చేతులారా పోగొట్టుకున్నది కిలో ఆరొందల గ్రాములు.