ఫొటోలాయన వేషం

నంద్యాల బస్సు ఆళ్లగడ్డలో ఆగింది. ముందు మూడు కాళ్ల కొయ్య దిగింది, తర్వాత ఒక పెట్టె, ఆ వెనక మనిషి.

కొయ్యతో నేల తాకి చూసుకొని మరీ దిగాడు.

యుద్ధం ముగిసిన ఏడాది, చలి ముదరకముందు సంగతి.

అంగడి లక్ష్మీనారాయణ ఆ పెట్టెను ఎగాదిగా చూశాడు. "ఏందప్పా, పోటో పెట్టెకు అద్దమే లేదు. ఎవురి పోటో తీస్తావ్?"

"తీయనండీ. బర్మా యుద్ధంలో ఫొటోలు తీసిన ఒకాయన కథ ఆడి చూపిస్తాను. వేషాలన్నీ నేనే."

మాట ఈ వైపుది కాదు. అడిగినవాడి ముఖం చూడకుండా తల మీదుగా ఎటో చూస్తూ చెప్పాడు. ఆటగాళ్లకు ఆ మాత్రం పొగరుంటుందిలే అనుకున్నారు.

బర్మా అన్న మాట మాలపల్లె దాకా పోయి శివమ్మ చెవిన పడింది.

ఆమె కొడుకు దావీదు మిలిట్రీలో చేరి బర్మా పోయాడు. వాడి దండు చెదిరిపోయిందన్న కబురు ఒక్కటే వచ్చింది. మొగుడు దేవదానం ఓర్చి ఓర్చి, వచ్చే ఆదివారం చర్చిలో కొడుకు పేర జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టించమని అయ్యగారికి చెప్పి వచ్చాడు.

ఆ ప్రార్థన జరిగితే బిడ్డ లేనట్టే. ఆ మాట విన్నప్పటి నుంచి శివమ్మ పొయ్యి రాజేయలేదు.

పొద్దు వాలుతుండగా అంగడి ముందర ఆట మొదలైంది. మాలపల్లె వాళ్లు ఎడంగా కూర్చున్నారు.

ఆటగాడు పెట్టె మీద నల్లగుడ్డ కప్పి, అందులో తల దూర్చి, సిపాయిలను ఒక్కొక్కరినే పిలిచాడు. ఆ దండులో పేర్లతో పనిలేదు, ఊళ్లే పేర్లు. బళ్లారీ అని తనే పిలిచి, తనే బళ్లారి సిపాయి అయి మీసం దువ్వాడు. జనం నవ్వారు.

"ఇక నువ్వు రావయ్యా, నంద్యాలా."

నంద్యాల సిపాయి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఒక కాలు మడిచి కిందేసుకున్నాడు. ఫొటోలాయన కసిరితే దించాడు. ఆయన గుడ్డలో తల పెట్టగానే మళ్లీ మడిచాడు. చెవితమ్మె లాక్కుంటూ బెదురు చూపులు చూశాడు.

శివమ్మ లేచి నిలబడింది.

దావీదు తిండి ముందర కూర్చున్నా అంతే. కాలు దించమని ఎన్ని మొట్టికాయలు వేసిందో. బర్మాలో ఆళ్లగడ్డ అంటే ఎవరికి తెలుస్తుంది, నంద్యాల అనే చెప్పి ఉంటాడు.

అంతలో బాంబు పడింది. ఫొటోలాయన నల్లగుడ్డను ముఖానికి అదుముకొని కూలబడ్డాడు. నంద్యాల సిపాయి అతని చేయి తన భుజాన వేసుకొని అడవంతా నడిపించాడు. ఏటి ఒడ్డున పడవలో ఒక్కరికే చోటు మిగిలింది. అతన్ని ఎక్కించి, తాను గట్టునే నిలబడిపోయాడు.

ఆట ముగిసింది.

"ఆ పిల్లోడు బతికినాడా నాయనా?" దూరం నుంచే అడిగింది శివమ్మ.

"నా చేయి వాడి భుజం మీద ఉన్నంతసేపూ బతికే ఉన్నాడమ్మా."

ఇంకా వేషంలోనే మాట్లాడుతున్నాడనుకుంది. జనం లేచారు, గోలలో తక్కిన మాటలు కలిసిపోయాయి.

ఇంటికి ఉరికి, చెంబు తోమి, నీళ్లు తెచ్చింది. నీళ్లు పుచ్చుకుంటే ఆ మీద మాట కలపొచ్చు. పుచ్చుకోకపోతే మాట లేనట్టే. అది ఆమె ఎరిగిన పద్ధతి.

ఏమీ అనకుండా చెంబు ముందరికి పట్టి నిలబడింది. అతను ఆమె తల మీదుగా చూస్తూ పెట్టె తుడుచుకుంటున్నాడు. చేయి చాచలేదు.

మాలపల్లె చెంబు కదా అనుకుంది. దాన్ని పెట్టె పక్కన పెట్టి, అడగాల్సింది అడక్కుండానే వెనక్కి వచ్చేసింది.

తెల్లారి మనసు చంపుకొని మళ్లీ పోయింది. మొదటి బస్సుకే వెళ్లిపోయాడట. చెంబు పెట్టిన చోటే ఉంది, నిండుగా.

ఇంటికొచ్చి, ఆదివారం ప్రార్థన వద్దని మొగుడితో చెప్పింది.

"నాటకాన్ని నమ్ముతావా మే?"

"నాటకాన్ని కాదు. వాడు మడిచిన కాలిని."

దేవదానం తువ్వాలు భుజాన వేసుకొని అయ్యగారి దగ్గరికి పోయి వద్దని చెప్పి వచ్చాడు.

జొన్న కోతలప్పుడు దావీదు వచ్చాడు. జపాను వాళ్ల చెరలో చిక్కి, ఆ తర్వాత ఆసుపత్రిలో పడి, ఎముకల గూడై వచ్చాడు. కాలు మడిచి తిండికి కూర్చుంటే ఈసారి శివమ్మ మొట్టలేదు.

సంగటి పెడుతూ ఆ ఆట సంగతంతా చెప్పింది. చివర్న నొచ్చుకుంది. "నిన్ను అచ్చం నీ మాదిరే ఆడినాడు. నేనిచ్చిన నీళ్లు మాత్రం ముట్టలా. కులం చూసినాడు."

దావీదు తినడం ఆపాడు. చెవితమ్మె లాక్కున్నాడు.

"చెంబు చేతిలో పెట్టినావామ్మా, ముందర పట్టినావా?"

"ముందర పట్టినా. ఏం?"

చేయి కడుక్కొని లేచాడు.

"పా మా, బేగా పోదాం. నంద్యాల చుట్టుపక్కల యాడో ఒక ఊర్లో నన్ను ఎతుకుతానే ఉంటాడు. చేతిలో పెడితే తప్ప చెంబు కనపడదు ఆయప్పకు, మా పోటోలు తీసిన కండ్లు ఆ బాంబుతోనే పోయినాయి."