చుంచమ్మ దొడ్డిదారి

ఈమధ్య నాకు ముందుదీ వెనకదీ కలిసిపోతున్నాయి. వరస ఎక్కడైనా తప్పితే మీరే సర్దుకోండి.

పొలంగట్టున చుంచమ్మ అనే ఎలుక, కాలవ చెమ్మ పడక, తన కలుగు అమ్మకానికి పెట్టింది. ప్రతి కలుగుకూ వెనక, పల్చగా మట్టి కప్పిన దొడ్డిదారి ఒకటుంటుంది. పాము జొరబడితే ప్రాణం దక్కేది దానివల్లే. దాన్ని పరాయివాళ్లకు చూపించరు.

"అది చూపిస్తేగానీ బేరం తెగదక్కా!" అన్నాడు మధ్యవర్తి తొండ గరవయ్య.

చుంచమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించింది. అందరూ "రేపు చెబుతాం" అని వెళ్లారు. చివరికొచ్చిన ముసలి పందికొక్కు అడిగింది. "ఇది ఎంతమందికి చూపించావే పిల్లా?"

"ఓ పదిమందికి, పిన్నీ."

"అయితే నాకొద్దు. నువ్వూ ఇవాళ ఇక్కడ ఉండకు."

ఆమె అటు వెళ్లిందో లేదో, వాకిట్లో పాము బుసకొట్టింది. చుంచమ్మ దొడ్డిదారికి పరిగెత్తి మట్టిమీద చెయ్యి వేసింది. అవతల పిల్లి ఊపిరి వినబడింది! ఇక పక్కగోడను పళ్లతో, గోళ్లతో తవ్వుకుంటూ పోయింది.

ఎక్కడో తేలింది. ఎక్కడ తేలిందో గరవయ్యకు కూడా చెప్పలేదు.

అమ్మాయ్ సుభద్రా, ఎలుకకూ తొండకూ మొదట పెట్టిన పేర్లే చివరిదాకా రాశానా? ఓసారి చూసిపెట్టవే.