రాలిన పండ్లు ఏరిన బుద్రి

బుద్రి నాలుగేళ్ల ఉడుత. నేల మీద పండు కనబడితే ఏరకుండా అడుగు ముందుకు వేయదు.

కొండ మీది కాఫీ తోటలో జంతువులు తలా కొన్ని మొక్కలు పెంచుకునేవి. ఆ ఏడు కాయతొలుచు పురుగు పడింది. కొనడానికొచ్చిన నెమలి పండ్లను నీళ్లలో పోయించింది. సగం తేలాయి. "ఇవన్నీ గుల్లలు, నాకొద్దు" అని వెళ్లిపోయింది.

చదువుకున్న గోరింక వచ్చి చెప్పింది: "రాలిన పండ్లలోనే పురుగు బతుకుతుంది. కోత అయ్యాక ఒక్కటీ వదలకుండా ఏరి లోతుగా పాతిపెట్టండి."

అందరూ తలలూపి, వెళ్లి పడుకున్నారు. బుద్రి తన ఆరు మొక్కల కిందా ఏరింది. పక్క మొక్కల పురుగు ఎగిరొస్తుంది కదా అని తోటంతా ఏరింది. ఎండాకాలమంతా ఒక్కతే. కాఫీ మొక్కల మీద కమ్ముకున్న పెద్ద చెట్ల నీడలో తన నీడ కూడా తోడు రాలేదు.

"ఎంగిలి ఏరుకుంటున్నావా, బుద్రీ?" కొమ్మ మీంచి పెద్దకోతి నవ్వాడు.

"నీ బద్ధకం ఏరుతున్నా మావా. బుట్టలు చాలడం లేదు."

మరుసటి కోతకి పండ్లన్నీ నీళ్లలో మునిగాయి. నెమలి సంతోషించి, "ఇది ఎవరి కష్టం?" అని అడిగింది.

"మా మగాళ్లదే. కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాశాం" అన్నాడు పెద్దకోతి. గోరింక అదే రాసుకుంది. బుద్రి అక్కడే నిలబడి ఉంది. ఎవరూ అటు తిరగలేదు.

కోత అయ్యాక బుద్రి తన ఆరు మొక్కలూ వదిలేసి, రాలిన పండ్ల మీదుగా నడుచుకుంటూ కొండ దిగి వెళ్లిపోయింది. ఒక్కటీ ఏరలేదు.